పాలు పొంగించే రోజు వేరు, సామాన్లు దిగే రోజు వేరు

బాచుపల్లి వైపు కొత్త ఫ్లాట్ కొనుక్కున్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 36, ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇద్దరు పిల్లలు. తొమ్మిదేళ్లుగా కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నారు, అద్దె 22 వేలు. కొత్త ఫ్లాట్ 1,250 చదరపు అడుగులు, ఐదంతస్తుల బిల్డింగులో నాలుగో అంతస్తు. ఈఎంఐ 46 వేలు ఇప్పటికే మొదలైంది. జూన్ మొదటివారంలో బిల్డరు తాళాలు చేతిలో పెట్టాడు. అప్పటినుంచి ఇంట్లో రోజూ రాద్ధాంతమేనట.

పంతులుగారు జ్యేష్ఠంలోనే ఒక ముహూర్తం ఉందన్నారు, ఉత్తరం రాసేనాటికి ఇంకా 18 రోజులు. తణుకులో ఉండే అత్తగారు ససేమిరా అన్నారు. ఇంత తక్కువ టైములో బంధువుల్ని ఎలా పిలుస్తాం, ఆషాఢం ఎటూ పనికిరాదు, శ్రావణంలో పెట్టుకుందాం, కనీసం 150 మందిని పిలవాలి, ఆవూ దూడా లోపలికి రావాలి అన్నది ఆవిడ మాట. భర్త "అమ్మ చెప్పినట్టే కానిద్దాం" అని ల్యాప్‌టాప్ తెరుచుకుంటున్నారు. పుట్టింటివాళ్లేమో "ఆషాఢమైతే ఏమైంది, దీపం పెట్టి దిగిపోండి" అంటున్నారు. అద్దె ఇంటి ఓనరు కొడుకు పెళ్లి ఉంది, జూలై నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు. ఇంటీరియర్ పని చేసే అతను 45 రోజుల్లో ఇచ్చేస్తా, సోమవారం మొదలెడతా, అడ్వాన్స్ ఇవ్వండని ఫోన్ల మీద ఫోన్లు. ఇవి చాలవన్నట్టు పిల్లల బాత్రూమ్ పైకప్పు మీద పళ్లెమంత తడి మరక. బిల్డరు "కొత్త బిల్డింగ్ కదా, ఎండిపోతుంది, ముందు మీరు దిగండి" అంటున్నాడు.

చివరి పేజీలో, ఇంకేదో చెబుతూ మధ్యలో ఒక మాట రాశారు. ఆడపడుచు మస్కట్‌లో ఉంటుంది, ఆమెకు సెలవు ఆగస్టులోగానీ దొరకదు.

"అద్దె, ఈఎంఐ కలిపి నెలకు 68 వేలు నీళ్లలా పోతున్నాయి. ముహూర్తమా, ఇంటీరియరా, సామాన్లా? అసలు ముందు ఏం చేయాలో చెప్పండి. ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని ముగించారు.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ అత్తగారి మీద విసుగొచ్చింది. రెండోసారి చదువుతుంటే ఆ మస్కట్ సంగతి దగ్గర ఆగిపోయాను. మనలో చాలా ఇళ్లల్లో గృహప్రవేశం నాడు పాలు పొంగించేది ఆడపడుచే కదా. ఆమెకు చీర పెట్టేదీ ఆ రోజే. కూతురు లేకుండా కొడుకు ఇంట్లో పాలు పొంగడం మీ అత్తగారికి మనసొప్పడం లేదేమో. ఆ మాట నేరుగా అంటే "అమ్మాయి కోసం అబ్బాయి ఇల్లు ఆపుతోంది" అనుకుంటారని శ్రావణం, 150 మంది, ఆవూ దూడా అంటూ చుట్టూ తిప్పుతున్నారేమో. నా ఊహ తప్పు కావచ్చు. కానీ ఒకసారి అడిగి చూడటంలో పోయేదేం లేదు. ఆ అడగడం మీరు కాదు, మీవారు చేయాలి. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు డబ్బు లెక్క సరిచేద్దాం. నెలకు 68 వేలు పోతున్నాయని రాశారు. ఈఎంఐ 46 వేలు మీరు ఎక్కడున్నా కట్టాల్సిందే. ఆ ఇంట్లో దిగినా ఆగదు, దిగకపోయినా ఆగదు. కాబట్టి నెల రోజుల ఆలస్యం ఖరీదు అద్దె 22 వేలు. తాళాలు తీసుకున్నారు గనక కొత్త బిల్డింగ్ మెయింటెనెన్స్ కూడా ఎటూ మొదలయ్యే ఉంటుంది, అదీ ఈఎంఐ లాంటిదే. 22 వేలు చిన్న మొత్తమని అనను. కానీ 68 అనుకుని తీసుకునే నిర్ణయం ఒకలా, 22 అనుకుని తీసుకునేది ఇంకోలా ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ ఈ అంకె కాగితం మీద రాసుకుని మాట్లాడుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

మిగతా సగం గొడవ ఎక్కడుందంటే, మీ ఇంట్లో అందరూ ఒకే రోజు గురించి కొట్లాడుకుంటున్నారు. నిజానికి అవి మూడు రోజులు. పాలు పొంగే రోజు ఒకటి. ఇల్లు కాపురానికి సిద్ధమయ్యే రోజు ఇంకోటి. సామాన్లు దిగే రోజు మరోటి. ముహూర్తం కావాల్సింది మొదటిదానికి. రెండోది ప్లంబరు, ఎలక్ట్రీషియను, వడ్రంగి చేతుల్లో ఉంది. మూడోది మీ ఓనరుకీ, ప్యాకర్స్ వాళ్ల లారీకీ సంబంధించింది. పాలు పొంగించాక సామాన్లు ఎప్పుడు చేర్చుకున్నా ఫర్వాలేదని చాలా ఇళ్లల్లో అనుకుంటారు. కాస్త పట్టింపు ఉన్నవాళ్లు మంచి తిథి చూసుకుంటారు, అంతే. మీ పంతులుగారిని ఈ ఒక్క ప్రశ్న అడగండి: "జ్యేష్ఠంలో పాలు పొంగించేస్తే, సామాన్లు ఆషాఢంలో తెచ్చుకోవచ్చా?" ఆయన సరేనంటే ఆ మాట మీ నోటితో కాకుండా ఆయన నోటితోనే మీ అత్తగారి చెవిన పడేటట్టు చూడండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

జ్యేష్ఠంలో చిన్నగా చేసుకోవడం ఒక దారి. ఇరవై ముప్పై మంది, వరసకు ఆడపడుచు అయ్యే ఇంకెవరైనా హైదరాబాద్‌లో ఉంటే ఆమె చేత పాలు, మస్కట్ నుంచి ఆడపడుచు వీడియో కాల్‌లో. శ్రావణంలో ఆమె వచ్చాక సత్యనారాయణ వ్రతం పెట్టుకుని అప్పుడు బంధువులందరినీ పిలవడం. మీ అత్తగారు అడిగిన శ్రావణం, ఆవిడ అడిగిన జనం, ఆవిడ కూతురు, మూడూ ఆ రోజుకు దక్కుతాయి. ఇందులో ఇబ్బంది ఏమిటంటే ఖర్చు రెండుసార్లు, చాకిరీ రెండుసార్లు. పైగా ఆవిడ ఒప్పుకోకుండా మీరు జరిపించేస్తే ఆ రోజు తణుకు నుంచి వచ్చి మూలన కూర్చుంటారు. ఫొటోలన్నిటిలోనూ ఆ ముఖమే కనబడుతుంది.

శ్రావణం దాకా ఆగడం రెండోది. దీనికి ఓనరు ఒప్పుకోవాలి. కొడుకు పెళ్లికి ఇల్లు కావాలన్నారంటే రంగులు వేయించుకోవాలి, బంధువుల్ని దించాలి, ఆయన తొందర ఆయనది. రెండు మూడు వారాలు అడిగితే ఇవ్వచ్చు, నెలన్నర ఇవ్వరు. జూలై 30న అడిగితే అసలే ఇవ్వరు, ఈ వారమే అడగండి. ఆయన కాదంటే మధ్యలో సామాన్లు ఎక్కడ పెడతారు, పిల్లలు ఎక్కడినుంచి స్కూలుకు వెళ్తారు అన్నది తేల్చుకోకుండా ఈ దారి పట్టొద్దు.

మూడోది మీ పుట్టింటివాళ్లు చెబుతున్నది, ఆషాఢమైనా దీపం పెట్టి దిగిపోవడం. నిక్షేపంగా చేయొచ్చు, ఇల్లేమీ కూలిపోదు. కానీ రేపు పిల్లాడికి జ్వరమొచ్చినా, మీవారి ప్రాజెక్టు పోయినా "ఆషాఢంలో దిగారు కదా" అనే మాట ఏళ్ల తరబడి వినాలి. అది విని నవ్వేసే ఓపిక మీకుంటే సరే. మీ ఉత్తరం చదివితే ఉన్నట్టు నాకనిపించలేదు. మీవారికైతే అస్సలు లేదు.

నన్నడిగితే మొదటి దారి వైపే మొగ్గుతాను, ఇంకో కారణం వల్ల కూడా. ఇంటీరియర్ అయ్యాక గృహప్రవేశం పెట్టుకుంటే ఏమవుతుందో మా చెల్లెలింట్లో చూశాను. కొత్త ఫాల్స్ సీలింగ్, తెల్లటి రంగు, కింద హోమం. పూర్ణాహుతి అయ్యేసరికి హాలు మధ్యలో గొడుగంత నల్లటి మచ్చ. కొత్త సోఫా మీద పసుపు, కొత్త లామినేట్ మీద కుంకుమ చేతులు. ఖాళీ ఇంట్లో ఆ బాధ లేదు. హోమం చేసుకోండి, గుమ్మడికాయ కొట్టుకోండి, నేల మీద నాలుగు జంపఖానాలు పరిస్తే సామాన్లున్న హాలుకంటే రెట్టింపు మంది పడతారు. ఆఖరి రంగు తర్వాత వేయించుకుంటారు. ఈ వాదన మీ అత్తగారికి నచ్చుతుందని నా నమ్మకం, ఎందుకంటే ఇందులో ఎవరూ ఆవిడ మాట కాదనడం లేదు.

ఆవు సంగతా? నాలుగో అంతస్తుకు లిఫ్టులో ఆవును ఎక్కించే ఆలోచన ఎవరికైనా ఉంటే మానిపించండి. ఆ జీవం బెదిరితే పట్టేవాళ్లుండరు, నున్నటి టైల్స్ మీద గిట్టలు జారతాయి. కింద గేటు దగ్గరే పూజ చేసి, గోధూళి కాస్త తీసుకెళ్లి గుమ్మం ముందు చల్లేవాళ్లు ఉన్నారు. వెండి ఆవూ దూడా బొమ్మ పట్టుకుని లోపలికి నడిచేవాళ్లూ ఉన్నారు.

అయితే ఈ ముహూర్తాలన్నిటికంటే నాకు ఎక్కువ భయం వేసింది ఆ పళ్లెమంత మరక చూసి. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఇంటీరియర్ అతనికి అడ్వాన్స్ ఇవ్వడానికి ముందు, శుభలేఖ మాట ఎత్తడానికి ముందు, మీరు చేయాల్సిన మొదటి పని అది. పిల్లల గదిలో బట్టల బీరువా ఏ గోడకు వస్తోందో ప్లాన్ తీసి చూడండి. చాలా ఫ్లాట్లలో బాత్రూమ్ గోడకు వెనకవైపే వస్తుంది. తడి గోడకు ప్లైవుడ్ బిగిస్తే ఏడాది తిరిగేసరికి వెనక పలక ఉబ్బి, తలుపులు మూతపడక, లోపల బట్టలు ముక్కవాసన కొడతాయి. అప్పుడు విప్పించి, గోడ బాగుచేయించి, మళ్లీ చేయించడమంటే మీరు నెల అద్దె మిగిల్చి సంపాదించిన 22 వేలు ఎటుపోయాయో కూడా తెలియదు.

కాబట్టి ఈ ఆదివారం ఇద్దరూ వెళ్లండి. స్టూలు, పెన్సిలు పట్టుకెళ్లండి. స్టూలెక్కి ఆ మరక అంచు వెంట పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేయండి, ఫొటో తీయండి. పై ఫ్లాట్‌లో ఎవరైనా ఉంటున్నారా కనుక్కోండి. ఖాళీగా ఉంటే తాళం బిల్డరు దగ్గరే ఉండొచ్చు. అక్కడ బాత్రూమ్‌లో ఒక్క చుక్క నీళ్లు వాడకుండానే మూడు రోజుల్లో మరక గీత దాటి పెరిగిందనుకోండి, ఎప్పుడూ నీళ్లు నిండి ఉండే పైపు ఎక్కడో కారుతోందని అనుమానించాలి. వాన పడిన మర్నాడు మాత్రమే పెరిగితే పైపులు పోయే డక్ట్ వైపునుంచో, మిద్దె మీదనుంచో దిగుతోందేమో చూడాలి. రెండూ కాకపోతే నీళ్లు కట్టి చూడాలి. పై బాత్రూమ్‌లో నీళ్లు పోయే జాలీలో పాలిథిన్ కవరు చుట్టిన గుడ్డ గట్టిగా కుక్కి, నేల మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, ఒక పగలు ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు మీ పైకప్పు చెమ్మగిల్లితే కింద వాటర్‌ప్రూఫింగో, జాలీ దగ్గర అతుకో సరిగా లేదని అర్థం. మీ బాత్రూమ్‌లలో కూడా ఇదే చేయండి, లేకపోతే రేపు మూడో అంతస్తువాళ్లు మీ తలుపు తడతారు.

ఏది తేలినా బిల్డరుకు ఫోన్ చేసి ఊరుకోకండి. ఫొటోలు పెట్టి, తేదీలు వేసి ఈమెయిల్ పంపండి. 2016 నాటి రెరా చట్టం (ఇళ్లు కొనుక్కున్నవాళ్ల రక్షణకు కేంద్రం చేసిన రియల్ ఎస్టేట్ చట్టం) 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు అప్పగించిన నాటినుంచి ఐదేళ్లలోపు కట్టుబడిలోగానీ పనితనంలోగానీ లోపం బయటపడి మీరు తెలియజేస్తే 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయించాల్సింది బిల్డరే. చేయకపోతే పరిహారం అడగవచ్చు. "ముందు దిగండి, తర్వాత చూద్దాం" అనడంలో కిటుకు మీకు తెలిసే ఉంటుంది. మీరు సామాన్లతో దిగిపోయాక బాత్రూమ్ తవ్వించుకోవడం మీకే కష్టం, మీరే వాయిదా వేస్తారు. అదే ఈమెయిల్‌లో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (బిల్డింగులో కాపురం ఉండొచ్చని అధికారులు ఇచ్చే పత్రం) కాపీ కూడా అడగండి. మీ ఉత్తరంలో ఎక్కడా దాని మాట లేదు. అది తెచ్చే బాధ్యత కూడా బిల్డరుదే. ఇంకా రాలేదంటే, కరెంటు, నీళ్ల కనెక్షన్లు పక్కావా తాత్కాలికమా అని రాతపూర్వకంగా చెప్పించుకోండి.

మిగతావి పెద్ద పనులు కావు. మెయిన్ డోర్ తాళం లోపలి సిలిండరు మార్పించండి, ఇన్ని నెలలు ఆ తాళంచెవి ఎంతమంది పనివాళ్ల జేబుల్లో తిరిగిందో. కరెంటు మీటరు రీడింగ్ ఫొటో తీసి పెట్టుకుని, పేరు మార్పుకు దరఖాస్తు చేయండి. కరెంటు బాక్సులో ఆర్‌సీసీబీ అనే స్విచ్ (కరెంటు లీకైతే షాక్ కొట్టకుండా ఆపేసేది) మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కగానే టక్కున కరెంటు పోవాలి. పోకపోతే గీజరు పెట్టించకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. కుళాయిల చివర జాలీలు విప్పి కాసేపు నీళ్లు వదలండి, సిమెంటు ఇసుక ఎంత వస్తుందో చూసి ఆశ్చర్యపోతారు.

పాలు పొంగించాక ఆ ఇంట్లో మూడు నిద్రలు చేయాలంటారు కదా. మీ ఇంట్లో ఆ ఆచారం ఉంటే దాన్ని తూతూమంత్రంగా కానివ్వకండి. నాకు తెలిసి కొత్త ఇంటికి అంతకంటే మంచి పరీక్ష లేదు. పరుపులు వేసుకుని నేల మీద పడుకుంటే పగలు తాళాలు పట్టుకుని తిరిగినప్పుడు తెలియనివన్నీ తెలుస్తాయి. పొద్దున ఆరున్నరకు అందరూ ఒకేసారి స్నానాలకు లేస్తే నీళ్ల ధార ఎంత సన్నబడుతుందో, ఏ కిటికీలోంచి దోమలు వస్తాయో, లిఫ్టు మోటారు చప్పుడు ఏ గదికి వినబడుతుందో, మీవారి ఆఫీసు కాల్స్‌కు సిగ్నల్ ఎక్కడ అందుతుందో, ఫోన్ చార్జింగ్ పెట్టాలంటే ప్లగ్ మంచానికి ఎంత దూరంలో ఉందో. ఒక నోట్‌బుక్ తలగడ పక్కన పెట్టుకుని రాసుకోండి. ఇంటీరియర్ అతనికి అడ్వాన్స్ ఆ నోట్‌బుక్ తీసుకెళ్లి ఇవ్వండి. అతని సోమవారం తొందర అతని పనివాళ్లు ఖాళీగా ఉండటం వల్ల, మీ అవసరం వల్ల కాదు.

అతను చెప్పిన 45 రోజులను 60గా లెక్క వేసుకోండి. జ్యేష్ఠం ముహూర్తం తర్వాత మొదలుపెడితే జూలై నెలాఖరుకు మొత్తం అవ్వదు. వంటిల్లు, మీ పడకగది ముందు పూర్తి చేయమనండి. పిల్లల గది చివరికి వదిలేయండి, అక్కడి గోడ ఎలాగూ ఆరాలి. ఆగస్టులో కొన్నాళ్లు పిల్లలు హాల్లో పడుకుంటారు, వాళ్లకది సరదాగానే ఉంటుంది. రంగు, జిగురు వాసన పోయేదాకా ఆ గది కిటికీలు తెరిచే ఉంచండి. వానాకాలంలో అన్నీ ఆలస్యంగా ఆరతాయి.

ఇక మీవారు. "అమ్మ చెప్పినట్టే కానిద్దాం" అంటే వినడానికి అణకువగా ఉంటుంది గానీ, దాని అర్థం "నువ్వూ అమ్మా తేల్చుకోండి" అనే. ఓనరుతో మాట్లాడేది మీరు, బిల్డరుతో మీరు, ఇంటీరియర్ అతనితో మీరు. అత్తగారితో మాత్రం ఆయన మాట్లాడాలి. గొడవ మధ్యలో కాకుండా, ఆ 22 వేల కాగితం, మరక ఫొటో చూపించి ఈ పని చేయమని ఆయన్ని అడగండి. ఫోన్‌లో ఆయన ముహూర్తం మాట ముందు ఎత్తకూడదు. "అమ్మా, చెల్లి లేకుండా చేయడం నీకు ఇష్టం లేదా?" అని అడిగి ఊరుకోవాలి. ఆవిడ అవునంటే మాట్లాడుకోవాల్సింది శ్రావణ వ్రతం గురించి, ఆ రోజు చెల్లికి పెట్టే చీర గురించి. కాదు, నిజంగా బంధువుల కోసమే అంటే మాట్లాడుకోవాల్సింది భోజనాల గురించి. సెల్లార్‌లో షామియానా వేసుకోవడానికి అసోసియేషన్ ఒప్పుకుంటుందో లేదో కనుక్కుంటే 150 మంది సమస్య కూడా అంత పెద్దదేం కాదు. ఆవిడ రెండింటికీ ఒప్పుకోక శ్రావణమే అని కూర్చుంటే, ఓనరు ఇచ్చే జవాబును బట్టి రెండో దారి చూసుకోండి. ఆ పరిస్థితిలో కూడా మరక పని, ఈమెయిల్ పని ఆగనవసరం లేదు. వాటికి ఆషాఢం అడ్డురాదు. పైగా కిటికీ మూలల్లోంచి నీళ్లు దిగుతాయో లేదో చెప్పేది ఆషాఢం వానలే.

ఒక చిన్న సంగతి. పాలగిన్నె కొత్తది కొంటారు కదా, చిన్నది కొనండి. మా ఇంట్లో ముచ్చటపడి నాలుగు లీటర్ల ఇత్తడి గిన్నె కొన్నాం, పోసింది అర లీటరు. మా ఆడపడుచు గరిట పట్టుకుని చూస్తోంది, పంతులుగారు గడియారం చూస్తున్నారు, పాలు అడుగున కుతకుతమంటున్నాయే తప్ప పైకి రావు. చివరికి మా అత్తగారే ఎదురింటికి పరిగెత్తి ఇంకో మూడు ప్యాకెట్లు పట్టుకొచ్చారు.